రెండో జ్వరం లేచిన వేళ

బుధవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు పురుషోత్తమ్ బాగేపల్లి చాకీ కేంద్రం గడప దగ్గర చెప్పులు విప్పి, అక్కడున్న మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి అడుగుపెట్టాడు. నాలుగు గంటలకు పోలీసు జీపు వచ్చి, తనను సాయానికి పిలిచిన అర్పితను తీసుకుపోతుంది. అంటే చేతిలో ఉన్నది అయిదు గంటలకు పది నిమిషాలు తక్కువ. ఇంత తొందరలో ఉన్న మనిషి గడప దాటగానే ఏం చేశాడయ్యా అంటే, కండ్లు మూసుకుని వాసన చూశాడు.

తరిగిన మల్బరీ ఆకు వాసన. డిటెక్టివు అన్నవాడికి ఇది తగునా అని మీరు అడగొచ్చు. తగదు. కానీ ఆ వాసనలోనే పుట్టి పెరిగిన మనిషి ఏం చేస్తాడు పాపం. గూళూరులో వాళ్ళ ఇల్లు రెండంకణాలు. పంట ఎక్కిన ప్రతిసారీ పట్టుపురుగులు ఇంట్లో ఉండేవి, మనుషులు అరుగు మీద పడుకునేవారు. అమ్మ చౌడమ్మ అర్ధరాత్రి లేచి ఆకు వేసి వస్తే, లోపల పురుగులు తినే సద్దు వాన పడుతున్నట్టు వినిపించేది. ఆ సద్దు వింటూ నిద్రపోయిన పిల్లవాడికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. పోలీసు వైర్‌లెస్‌లో ఇరవై ఏళ్ళు చేసి, ముందుగానే రాజీనామా ఇచ్చి, చిక్కబళ్ళాపురంలో ఒక మెడికల్ షాపు మీద గది తీసుకుని డిటెక్టివు బోర్డు పెట్టుకున్నాడు.

"ఎవరన్నా ఉండారా లోపల?" అని కేకేశాడు.

"ఎవరూ, పురుషోత్తమా?" అని లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది. "చౌడమ్మ కొడుకువి గదా నువ్వు. గొంతు వింటానే తెలిసె నాయనా."

ఆంజనేయప్ప. డెబ్బై దాటిన మనిషి. గుడ్డు పగిలిన పిల్ల పురుగుల్ని రెండోసారి చర్మం విడిచేదాకా, అంటే రెండో జ్వరం దాటేదాకా, సాకి రైతులకు అప్పగించే చోటును చాకీ కేంద్రం అంటారు. ఈ కేంద్రంలో ఆయన కన్నూ, ఆయన సుద్దగుర్తూ పడనిదే ఏ తట్టా గడప దాటదు. ఒకప్పుడు గూళూరులో పక్కింట్లో ఉండి, పురుషోత్తమ్‌ను బుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు కూడా ఈయనే.

"బాగుండావా మామా?"

"బాగుండాను నాయనా. నువ్వేమీ మారల్యా. అదే నల్లటి ఉంగరాల జుట్టు."

పురుషోత్తమ్ నవ్వాడు. తల నున్నగా అయ్యి ఎనిమిదేళ్ళయింది. అయినా మనల్ని చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళకు మనం అట్లాగే కనిపిస్తామేమో అనుకుంటే, గుండెలో ఏదో మెత్తగా కదిలింది. ఆ మెత్తదనంలో ఉండగానే ఆయన దగ్గర సెలవు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

ఆ గది ఒకప్పుడు ఆకు నిల్వ చేసుకునేది. చల్లగా ఉంటుందని ఇప్పుడు సర్వర్ పెట్టారు. బల్ల ముందు ఇద్దరున్నారు. ఒకరు అర్పిత, ఇరవై ఆరేళ్ళది, చింతామణి పిల్ల, మూడూళ్ళ పట్టు సంఘానికి కంప్యూటర్ ఇంజనీరు. రెండు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేదు. రెండోవాడు చిన్మయ్. బెంగళూరులో సైబర్ దర్యాప్తు కంపెనీ నడిపే కుర్రాడు. సంఘం అతన్ని పెట్టుకుంది, అర్పిత పురుషోత్తమ్‌ను పెట్టుకుంది.

"వరది, అదే నా రిపోర్ట్, రెడీ అంకుల్," అన్నాడు చిన్మయ్. "సంఘంవాళ్ళు సంతకం చేయడమే తక్కువ. మీరు ఊరికే ఎండలో తిరగాల్సిన పని లేదు."

"ఎండలో తిరగడమే నాకు పని. ఏమి రాసినావో చెప్పు."

చిన్మయ్‌కు కాగితం చూడాల్సిన అవసరం రాలేదు. "పోయిన వారం ముందటి శుక్రవారం. పది ముప్పై ఎనిమిదికి చిక్కబళ్ళాపురం ల్యాబ్ అరవై మూడో లాట్‌ను ఆపమని డేటాబేస్‌లో రాసింది. పెబ్రిన్. పురుగు నుంచి పురుగుకు అంటుకునే రోగం. కానీ పది ముప్పై ఆరు నుంచి పదకొండూ ఆరు దాకా ఈ బాగేపల్లి సర్వర్ వెనకబడి ఉంది. బ్యాకప్ నడుస్తోంది కాబట్టి కొత్త రాతలు అందలేదు. పది యాభై రెండుకు కేంద్రం ఆ లాట్‌ను ఇరవై రెండు ఇళ్ళకు ఇచ్చేసింది. స్క్రీన్ ఎర్రగా ఉండాల్సింది, పచ్చగా కనిపించింది. ఇరవై రెండు షెడ్లలో పురుగులన్నీ చచ్చాయి. తప్పు ఈ అమ్మాయి పెట్టిన ప్రాక్సీది."

పురుషోత్తమ్ స్టూలు లాక్కుని అర్పిత పక్కన కూర్చున్నాడు. "ఆ ప్రాక్సీ అనేది ఏందో నాకు చెప్పమ్మా. ఇంజనీర్లకు చెప్పినట్టు కాదు, గూళూరు సంతలో చెప్పినట్టు చెప్పు."

"ముందు ఒకటే సర్వర్ ఉండె సార్, చిక్కబళ్ళాపురంలో," అంది అర్పిత. "పొద్దున్నే రెండు కేంద్రాలూ, ఆరొందల మంది రైతుల మొబైళ్ళూ ఒకేసారి మీద పడితే అది నిలిచిపోతాండె. అందుకని దానికి రెండు నకళ్ళు పెట్టినా. ఒకటి ఈడ, ఒకటి చింతామణిలో. మూడూ లైనక్స్ సర్వర్లే. వాటి ముందర ప్రాక్సీ. ఎవరేమి అడిగినా ముందు దాన్నే అడగల్ల. రాసే పనైతే చిక్కబళ్ళాపురానికి పంపుతాది. చదివే పనైతే బాగేపల్లికీ చింతామణికీ చెరిసగం పంచుతాది."

"నకలు రాసుకునేది వెనకబడితే?"

"అయిదు సెకన్ల కన్నా వెనకబడితే ప్రాక్సీ దాన్ని పక్కన పెట్టేస్తాది. అది మళ్ళీ అందుకునేదాకా చదివేవన్నీ రెండోదానికే పోతాయి. ఆ హద్దు నేనే పెట్టినా సార్. అయిదు అని పెట్టినట్టే గుర్తుండాది." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు చూస్తే సెట్టింగుల పట్టికలో సున్నా ఉండాది. సున్నా అంటే హద్దే లేదు. నేనే మరిచిపోయినానేమో సార్. ఇరవై రెండు ఇండ్లు సార్. జైలుకు పోతానని కాదు నా భయం. నా చేత్తో నేనే చేసినానేమో అని."

ఈ మాట పురుషోత్తమ్‌కు నచ్చలేదు. తప్పు చేసినవాళ్ళు ఇంత తొందరగా ఒప్పుకోరు. అతను చిన్మయ్ వైపు తిరిగాడు.

"పది యాభై రెండు అని ఎవరు చూసినారు?"

"డేటాబేస్‌లో ఉంది."

"దాంట్లోకి ఎవరు ఎక్కించినారు?"

"కేంద్రం ఇన్‌ఛార్జ్ నాగేశ్, ఆంజనేయప్ప కొడుకు. అది చేత్తో టైప్ చేసే గడి. ఎక్కించింది పన్నెండున్నర తర్వాత. ముందు కాగితం మీద రాసుకుని, తీరిక దొరికాక ఎక్కించడం ఇక్కడ మామూలే."

"అయితే పది యాభై రెండు నాగేశ్ మాట. మిషన్ మాట కాదు."

"అంకుల్, ఆ రోజు సర్వర్ వెనకబడిన వేళ, ఆయన చెప్పిన టైం, ప్రాక్సీలో సున్నా. మూడూ కలుస్తున్నాయి. ఇంకేం కావాలి?"

"అంత బాగా కలవడమే నాకు బాగలేదు," అని పురుషోత్తమ్ లేచాడు.

పన్నెండున్నరకు అతని బండి గూళూరులో తిమ్మక్క షెడ్డు ముందు ఆగింది. దారిలో తమ పాత ఇల్లు ఉన్న చోటు దాటాల్సి వచ్చింది. అక్కడ ఇప్పుడు ఎరువుల అంగడి ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. అరుగు రాళ్ళు రెండు అంగడి ముందు మెట్లయి కూర్చున్నాయి. అమ్మ కూర్చుని ఆకు తరిగిన రాళ్ళు అవి.

తిమ్మక్క షెడ్డును బ్లీచింగ్ నీళ్ళతో కడుగుతోంది. తట్టలన్నీ బయట ఎండలో ఉన్నాయి, ఖాళీగా.

"కూచో అప్పా. నువ్వు చౌడమ్మ కొడుకువంట గదా. మీయమ్మ, నేను ఒకే సాలులో ఆకు కోసినోళ్ళం." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నూరు గుడ్ల పురుగు తెస్తిమి. ఒక్కటంటే ఒక్క గూడు కట్టల్యా. నాలుగో జ్వరానికి నల్లగా మాడినట్టు మచ్చలొచ్చి అన్నీ పాయ. తవ్వి పూడిస్తిమి."

"ఆ శుక్రవారం నీ చేతికి ఏ యాళకు ఇచ్చిరమ్మా?"

"పన్నెండు దాటినాది. గూళూరు బస్సు పొయ్యేదాన్ని చూస్తానే కూచోనుంటిమి. పన్నెండు గంటల బస్సు తప్పె, ఒంటి గంట బస్సుకు వస్తిమి."

"కాగితంలో పది యాభై రెండు అని ఉండాది."

తిమ్మక్క అతన్ని ఎగాదిగా చూసింది. "చౌడమ్మ కడుపున పుట్టినోడివేనా అప్పా నువ్వు? జ్వరంలో ఉండే పురుగును ఎవరన్నా కదపతారా?"

పట్టుపురుగు నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్నే జ్వరం అంటారు. ఆ వేళ తట్ట కదిపితే పురుగు చస్తుంది. ఈ సంగతి పురుషోత్తమ్‌కు మూడేళ్ళ వయసు నుంచీ తెలుసు. చిన్మయ్‌కు తెలియదంటే సరే, తను పొద్దున్నే ఆ వాసన అంతా పీల్చి, ఈ ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు.

"మేము పది గంటలకు పోతిమి," తిమ్మక్క చెబుతూనే ఉంది. "అప్పటికి రెండో జ్వరంలోనే ఉండె. పైన సున్నం చల్లిండ్రి. పదకొండున్నరకు గదా లేచింది. లేచినాక ఒక మేపు మేపల్ల. అది తినల్ల. అప్పుడు గదా ఇచ్చేది."

"అన్నీ ఒకటిగా లేచెనా?"

ఆమె బక్కెట్టు పక్కకు జరిపింది.

"ల్యా. సగం లేచె, సగం పండుకోనే ఉండె. నాకు మనసు ఒప్పల్యా. ఇదేంది ఆంజనేయప్పా, ఒకటిగా లేవల్యా అని అడిగితి. 'తింటాండాయి గదా తిమ్మక్కా, సద్దు వినపడల్యా నీకు' అనె. ఆయప్ప మాట మీద ఎత్తుకోని వస్తిమి. నలభై ఏండ్లలో ఆయప్ప మాట తప్పిందెప్పుడు?"

పురుషోత్తమ్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పంటలో పురుగు ఒకటిగా లేవలేదు. అమ్మ ఒక రోజు ఆగి చూద్దామంది. ఆంజనేయప్ప వచ్చి, తట్టను వెలుగులోకి పట్టుకుని చూసి, ఒకటిగా లేవని పురుగును ఇంట్లో పెట్టుకోగూడదు చౌడమ్మా, వీధి వీధంతా పోతాది అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటి వెనక అన్నిటినీ కాల్చేశారు. అమ్మ ఏడుస్తూ కాల్చింది. వీధిలో మిగతా ఇళ్ళన్నీ ఆ ఏడు గూళ్ళు అమ్ముకున్నాయి. అట్లాంటి మనిషి, సగం లేచిన తట్టను చేతులారా ఎట్లా ఇచ్చాడు?

తిరిగి బాగేపల్లి చేరేసరికి రెండూ ఇరవై. సర్వర్ గదిలో చిన్మయ్ వరదిని ప్రింటు తీస్తున్నాడు.

"ఆ లాట్ ఇచ్చింది పన్నెండు దాటినాక," అన్నాడు పురుషోత్తమ్. "పది యాభై రెండుకు ఆ పురుగు జ్వరంలో ఉంది."

"ఒక ముసలమ్మ జ్ఞాపకం. నా దగ్గర సెట్టింగ్ ఉంది. సున్నా. పన్నెండు దాటాక ఇచ్చి ఉంటే, ఆపాటికి సర్వర్ అందుకుంది, స్క్రీన్ ఎర్రగా ఉండాలి. ఎర్రగా చూస్తూ ఎవరైనా ఇస్తారా?"

"అది తర్వాత సంగతి. ముందు సున్నా సంగతి చూద్దాం." పురుషోత్తమ్ అర్పిత వైపు వంగాడు. వైర్‌లెస్‌లో ఇరవై ఏళ్ళు అతన్ని ఒకే ఒక్క విషయం ఏడిపించింది. పుస్తకంలో కొత్త ఛానల్ రాసి ఉంటుంది, ఊళ్ళో సెట్టు మాత్రం పాత ఛానల్‌లోనే మాట్లాడుతూ ఉంటుంది. "నువ్వు పట్టికలో ఒక అంకె మారిస్తే, అది అప్పటికప్పుడే అమలవుతాదా?"

అర్పిత కుర్చీలో నిటారుగా అయింది.

"కాదు సార్. పట్టికలో మార్చినాక, దాన్ని నడిచేదానిలోకి ఎక్కించమని ఇంకొక ఆదేశం ఇవ్వల్ల. అది ఇవ్వకుంటే పట్టికలో కొత్తది ఉంటాది, నడిచేది పాతదే నడుస్తాంటాది."

"నడిచేదాన్ని చూడొచ్చా?"

ఆమె ఆదేశం కొట్టింది. తెర మీద రెండు వరసలు వచ్చాయి. బాగేపల్లి, చింతామణి. రెండింటికీ ఎదురుగా ఒకటే అంకె ఉంది. అయిదు.

చిన్మయ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మధ్యలో సున్నా చేసి, మళ్ళీ అయిదు చేసి ఉండొచ్చు."

"చేసి ఉంటే పట్టికలో కూడా అయిదే ఉండల్ల," అంది అర్పిత. మొదటిసారి ఆమె గొంతులో ఇంజనీరు వినిపించింది. "పట్టికలోంచే గదా నడిచేదానిలోకి పొయ్యేది. ప్రాక్సీని మొదలుపెట్టి పదమూడు రోజులాయె, ఒక్కసారి కూడా ఆపి మొదలుపెట్టల్యా. గురువారం నేను పెట్టిన అయిదే ఇప్పటికీ నడుస్తాండాది."

చిన్మయ్ తనే ప్రాక్సీ లాగ్ తెరిచి ఆ శుక్రవారం దాకా వెనక్కి పోయాడు. పది గంటల ముప్పై ఆరు నిమిషాల పద్దెనిమిది సెకన్లకు ప్రాక్సీ రాసుకుంది: బాగేపల్లి వెనకబడింది, పక్కన పెడుతున్నాను. పదకొండూ ఆరుకు మళ్ళీ రాసుకుంది: తిరిగి తీసుకుంటున్నాను. ఆ అరగంటలో ఈ కేంద్రం అడిగిన ప్రతిదానికీ చింతామణి సర్వరే జవాబిచ్చింది.

"సున్నా చూసి ఆగిపోయాను," అన్నాడు చిన్మయ్ మెల్లగా. పొగరు ఉన్న కుర్రాడే కానీ అబద్ధాలకోరు కాదు. "స్క్రీన్ ఒక్క నిమిషం కూడా పచ్చగా లేదు."

అర్పిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపు కాదు, ఊపిరి. రెండు రోజులుగా పట్టి ఉంచిన ఊపిరి.

"ఆ సున్నా తర్వాత ఎవరో పెట్టినారు," అన్నాడు పురుషోత్తమ్. "లోపలికి పోయే పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసమ్మా?"

"మూడు చోట్లా ఒకటే ఇచ్చినా సార్. తర్వాత మారుద్దామనుకుంటానే..." ఆమె తల వంచుకుంది. "ఎట్ల చేయల్లో కూడా ఒక కాగితం మీద రాసి ఇచ్చినా. చింతామణిలో ఫైల్లో ఉండాది. ఈడ గోడకు అంటించుకున్నారు."

గోడ మీద ఆమె గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. ఒకటి, లోపలికి రావడం. రెండు, పట్టిక చూడడం. మూడు, అంకె మార్చడం. అంతటితో కాగితం అయిపోయింది. పురుషోత్తమ్ టేపు పీకి కాగితాన్ని తిప్పాడు. నాలుగు, నడిచేదానిలోకి ఎక్కించడం. అయిదు, డిస్క్‌లో దాచడం. అవి రెండూ వెనక పక్క ఉన్నాయి, గోడకు అంటుకుని.

"చింతామణివాళ్ళయితే రెండు పక్కలా చదివి, నాలుగోది కూడా చేసేవాళ్ళు," అన్నాడు.

తలుపు దగ్గర అలికిడయింది. నాగేశ్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, తండ్రి పోలికే. పురుషోత్తమ్ చేతిలోని కాగితం చూసి, తలుపును పట్టుకుని అట్లాగే కింద కూర్చున్నాడు.

"నేనే సార్," అన్నాడు. "లాట్ ఇచ్చింది నేనే. సర్వర్ వెనకబడిందని మా అందరికీ మెయిల్ వచ్చింటే, దాన్ని చూసి టైం ఏసింది నేనే. పురుగులు చస్తాండాయని తెలిసిన పొద్దు ఆ సున్నా పెట్టింది నేనే. ఈ యమ్మకు చేసిన ద్రోహం నాదే. రాసుకోండి."

చిన్మయ్ పెన్ను తీశాడు. పురుషోత్తమ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్క్రీన్ ఎర్రగా ఉంటే ఎందుకిచ్చినావు?"

"చూసుకోల్యా."

"తట్ట మీద సుద్దగుర్తు ఎవరేసినారు? మీ నాయన గుర్తు లేకుండా ఈ గడప దాటిన తట్ట ఉందా నాగేశా?"

"మా నాయన పేరు ఎత్తద్దండి సార్," అన్నాడు నాగేశ్. అడిగినట్టు కాదు, మొక్కినట్టు అన్నాడు.

అప్పుడు పురుషోత్తమ్ చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి పోయింది. నున్నటి తల. అదే నల్లటి ఉంగరాల జుట్టు అన్నాడు ముసలాయన. ఎంత సంతోషపడ్డాడు ఆ మాటకు! ఎవరో పరాయి సాక్షి అనుంటే అక్కడికక్కడే పట్టుకునేవాడు. ప్రేమగా అన్నాడు కాబట్టి వదిలేశాడు. పనికిరాని డిటెక్టివు అని తనను తాను తిట్టుకుంటూ పురుగుల గది వైపు నడిచాడు. గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది.

ఆ గదిలో అరల నిండా తట్టలు. ఇప్పుడే మేత వేశారు. వాన పడుతున్నట్టు అదే సద్దు. ఒక్క క్షణం పురుషోత్తమ్‌కు వెనక్కి తిరిగి అరుగు మీదికి పోయి పడుకోవాలనిపించింది. అమ్మ ఉండగా, ఈయన జుట్టు నల్లగా ఉండగా, ఎవరి తప్పూ ఎవరూ కనుక్కోనక్కర్లేని ఆ రోజుల్లోకి. కానీ చెయ్యి చాచి, గోడకు ఆనించిన ఖాళీ తట్టను తీసి, దాని మీద కొత్త కాగితం పరిచి ఆంజనేయప్ప ముందు పట్టుకున్నాడు.

"మామా, ఈ తట్ట చూడు. ఎట్లుండాది?"

ఆంజనేయప్ప తల వంచాడు. తట్ట వైపు కాదు, కొంచెం పక్కకు, చెవి వాల్చాడు. చుట్టూ అరల్లో పురుగులు తింటున్నాయి. ముసలాయన మొహం తృప్తిగా విచ్చుకుంది.

"బాగా తింటాండాయి నాయనా. మంచి పురుగు."

పురుషోత్తమ్ తట్టను కిందికి దించలేకపోయాడు. ముసలాయనకు అనుమానం వచ్చింది. చెయ్యి చాచి తట్టలో పెట్టాడు. వేళ్ళ కింద ఒట్టి కాగితం గరగరమంది.

"ఎన్నాళ్ళాయె మామా?"

"రెండేండ్లు." గొంతు మామూలుగానే ఉంది. "మొదట మసక. తర్వాత వెలుగు తప్ప ఏమీ ల్యా. ఒక్క నాగేశుకే తెలుసు. సద్దు విని, చెయ్యి పెట్టి చూసి, ఎట్లనో నెట్టుకొస్తిని. ఆ పొద్దు సగం పురుగు తింటాండె. సగానిదే అంత సద్దు. నాకు ఒకటిగానే వినపడె."

"స్క్రీన్ ఎర్రగా ఉండాదని నాగేశ్ చెప్పలేదా?"

"చెప్పె. రెండు సార్లు చెప్పె. నేను ఇనల్యా." ముసలాయన తట్ట అంచు పట్టుకున్నాడు. "ఆ ఎరుపు నిజమని నేనొప్పుకుంటే, మరి నీ కంటికెట్ల కనపడల్యా ఆంజనేయప్పా అని అడుగుతారు గదా. నిన్న మొన్న పెట్టిన మిషను, దానికేం తెలుసు అంటిని. రైతులందరూ ముందర నిలబడుకోనుండిరి. నా మొహమే చూస్తాండిరి. సుద్ద తీసుకోని గుర్తేస్తిని. సిగ్గు నాయనా. అంతే, ఇంకేమీ ల్యా. సిగ్గు."

బయట జీపు ఆగిన సద్దయింది. పది నిమిషాలు ముందుగానే వచ్చారు. తలుపు దగ్గర చిన్మయ్, అర్పిత, వాళ్ళ వెనక నాగేశ్ నిలబడి అంతా విన్నారు. చిన్మయ్ వరది కాగితాన్ని మడిచి, వెనక పక్క ఖాళీగా ఉన్న చోట పెన్ను ఆనించాడు.

"ఏం రాయమంటారు అంకుల్?"

తనను బుజాల మీద మోసిన మనిషి. అమ్మ శవాన్ని మోసినవాళ్ళలో కూడా ముందున్న మనిషి. ఆ పక్క ఏ తప్పూ చేయని పిల్ల, గోడకు ఆనుకుని, తనకంటే ఆ ముసలాయననే ఎక్కువ చూస్తోంది.

"ఆంజనేయప్ప అని రాయి," అన్నాడు పురుషోత్తమ్. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

"నేను చెప్పేదే నువ్వు చెప్పినావు నాయనా," అన్నాడు ముసలాయన. "ఆ పాపను వదిలేయమను. పాపం ఆ యమ్మ మిషను నిజమే చెప్పె." గోడ తడుముకుంటూ గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగాడు.

చిన్మయ్ రాస్తున్నవాడు ఉన్నట్టుండి తల ఎత్తాడు. "ఒక్క నిమిషం. ల్యాబ్ అన్ని లాట్లూ పరీక్షిస్తుంది కదా?"

"పదింట్లో ఒకటి," అన్నాడు ఆంజనేయప్ప. "అరవై మూడు అట్ల దొరికింది. మిగతావన్నీ నా సుద్దగుర్తు మీదనే పోతాయి."

చుట్టూ పురుగులు తింటూనే ఉన్నాయి.

"ఈ పొద్దు ఏమన్నా పంపినావా మామా?"

"డెబ్బై ఒకటో లాట్. చింతామణి కేంద్రానికి. మురుగమల్ల పక్క నలభై ఒక్క ఇండ్లకంట, సాయంత్రం పంచుతారు." ముసలాయన వెనక్కి, అరల వైపు తిరిగాడు. "దాంట్లో సద్దు కొంచెం పలచగా ఉండె. వానకు ఆకు తడిసింది, అందుకేలే అనుకుంటిని."

అర్పిత అప్పటికే సర్వర్ గదిలోకి పరుగెత్తింది. పురుషోత్తమ్ వెనకే వెళ్ళాడు. ఆమె ముందు ఈ ఊరి సర్వర్‌ను అడిగింది, తర్వాత చింతామణిని, తర్వాత చిక్కబళ్ళాపురాన్ని. మూడు కిటికీలు పక్కపక్కన తెరుచుకున్నాయి.

"ఏమంటాంది అర్పితా?"

"ఏదీ వెనకబడలేదు సార్," అంది ఆమె. "ల్యాబ్ దాన్ని చూడనేల్యా గాబట్టి, డెబ్బై ఒకటి మూడింట్లోనూ పచ్చగానే ఉండాది."